ఎడమచేతికి పదును

తొట్టిలో నీళ్ళు తగ్గాయి. వడ్రంగుల ఉలులకు సాన పట్టే పదునత్త, మెషీన్ ఆపకుండానే చెంబుతో మరికాసిని పోసింది. సానరాయి వాటిని గుటగుటా తాగేసి మళ్ళీ తన దారిన తాను తిరగసాగింది. తొందరంటే ఏమిటో ఎరగని మెషీన్ అది. పళ్ళెమంత వెడల్పున్న బూడిదరంగు రాయి, దాని కింది అంచు ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉంటుంది. తిరిగే కొద్దీ ఒళ్ళంతా తడి చేసుకుని పైకి వచ్చి, ఇనుప కడ్డీకి బిగించిన ఉలి మొనను మెల్లగా అరగదీస్తూ పోతుంది. నిప్పురవ్వలు రావు, చెవులు దిబ్బళ్ళు పడవు. పక్క దుకాణంలో రేడియో ఏం చెబుతోందో కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

కలప అడితి వెనక సందులో, రెండు గోదాముల మధ్య ఇరికించినట్టున్న గది అది. ఒక కిటికీ, ఒక నీళ్ళ పంపు, గోడ పొడవునా అరలు. అరల నిండా గుడ్డముక్కల్లో చుట్టిన వడ్రంగుల పనిముట్లు. ఎవరిది ఏదో గుర్తుపెట్టుకోవడానికి ఆమెకు చీటీలు అక్కర్లేదు, అంచు చూసి చెప్పేస్తుంది. ఒకడు గోటితో గిల్లినంత సున్నితంగా చెక్కుతాడు. ఇంకొకడికి కోపం వస్తే ఉలి మీదే తీర్చుకుంటాడు. ఎవరు ఇంట్లో పెళ్ళాంతో ఎలా ఉంటారో కూడా తనకు తెలుసని ఆమె నవ్వుతుంది. అది నిజమేనేమోనని వాళ్ళు లోలోపల భయపడతారు.

పదునత్త దిట్టమైన మనిషి. మోకాళ్ళదాకా వేలాడే రబ్బరు ఏప్రను, తాడు కట్టి మెడలో వేసుకున్న కళ్ళజోడు, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు. రోజంతా నీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడుచుకుపోయి ఉంటాయి, గోళ్ళ సందుల్లో మాత్రం ఉక్కు బురద నల్లగా దిగబడి ఎంత తోమినా పోదు. పోనిమ్మని ఆమె కూడా తోమడం మానేసింది.

"అత్తా, అయిందా?" గుమ్మంలోంచే అరిచాడు కంగారు. ఎప్పుడూ రైలు తప్పిపోతున్నవాడిలా ఉంటాడని తోటి వడ్రంగులు అతనికి పెట్టిన పేరు అది.

"అయింది గానీ ముందొక మాట చెప్పు. ఈ ఉలితో రంగు డబ్బా మూత తీశావా, లేదా?"

"అయ్యో, నేనెందుకు తీస్తానత్తా?"

"మరి మొన మీద ఆకుపచ్చ రంగెక్కడిది? చిలకను చెక్కావా?"

కంగారు నాలిక కరుచుకున్నాడు. ఆమె ఉలిని వెలుతురుకు పట్టి, అంచు మీద ఎక్కడా మెరుపు లేదని చూపించింది. మెరిసిందంటే అక్కడ మొద్దుగా ఉన్నట్టు. అతను బొటనవేలు గోటి మీద ఆనించి చూసుకుంటే ఉలి జారకుండా గోటిని పట్టుకుంది.

"ఇంకోసారి డబ్బాలు తెరిచావంటే ఈసారి నీ వేళ్ళకే పదును పెడతాను, వాటితో తీసుకుందువు గాని," అని సాగనంపింది.

ఆమె భర్త కూడా ఈ గదిలోనే సాన పట్టేవాడు. ఆయనది పొడి రాయి. కరెంటు పెడితే ఈల వేస్తూ తిరిగేది, గది నిండా నిప్పులు చిమ్మేది. చూసేవాళ్ళకు ఏదో ఘనకార్యం జరుగుతున్నట్టే ఉండేది. కానీ కాస్త ఏమరితే ఉక్కు వేడెక్కి మొన దగ్గర నీలంగా మారేది. నీలం పడిన ఉక్కు మెత్తబడుతుంది, ఇక దానికి పదును నిలవదు. ఆయన పోయాక ఆమె ఆ రాయిని పీకించి ఈ నీళ్ళ మెషీన్ పెట్టింది. "ఇది ఒక చుట్టు తిరిగేలోపు మా గడ్డాలు నెరుస్తాయి" అని వడ్రంగులు ఎగతాళి చేశారు. గడ్డాలు నెరిశాయి కూడా. ఇప్పుడు వాళ్ళెవరూ మరో గుమ్మం తొక్కరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలియనట్టు నటించే ఓపిక కూడా లేదు.

ఉక్కును కాల్చడం కన్నా పెద్ద తప్పు ఒకటి చేశాడు భర్త, అదీ ప్రేమకొద్దీ. ఆయన తమ్ముడు వడ్రంగి. ఇల్లు కూలుతున్నా చెయ్యి తొణకదని అందరూ అతన్ని నిదానం అనేవాళ్ళు. చెక్కను నున్నగా చెయ్యడానికి చిత్రిక పట్టేటప్పుడు నిదానం బరువంతా కుడివైపుకు వాలుతుంది. అందుకే అతని చిత్రిక బ్లేడు కుడి మూల వెంట్రుక మందం తగ్గి ఉండాలి. లేకపోతే ఆ మూల చెక్కలోకి దిగి గీత పడుతుంది. ఒకసారి అన్న ఆ బ్లేడు చూసి, పాపం తమ్ముడిది వంకరపోయిందనుకుని, అడక్కుండానే తిన్నగా సాన పట్టి ఇచ్చాడు. తమ్ముడు చూసుకోలేదు. పూర్తయిన పెద్ద బల్ల మీద ఆఖరి చిత్రిక పట్టాడు. బల్ల పొడవునా చారలు పడ్డాయి. ఆ తర్వాత అన్నదమ్ములకు మాటల్లేవు. ఏళ్ళ తరబడి ఆమే సందు చివరికి నడిచి వెళ్ళి మరిది పనిముట్లు అందుకునేది. అన్న పోయిన రోజున నిదానం ఈ గదిలోకి వచ్చి, ఆగిపోయిన రాయి మీద చెయ్యి వేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పటినుంచి ఆమెకు ఒకటే పట్టుదల. పనిముట్టు ఎవరిదో వాళ్ళ నోటి మాట లేకుండా అంచు ఆకారం మార్చదు. దేవుడు దిగివచ్చి అడిగినా ఆమె దగ్గర ఆ పప్పులు ఉడకవు.

పొద్దు బాగా ఎక్కాక నిదానం కూతురు వచ్చింది. తండ్రివే పొడుగు చేతులు, పాలిష్ మరకలు పడిన ప్యాంటు. తండ్రి పనిచేసే కార్ఖానాలోనే చాలాకాలంగా గరుకు కాగితం రుద్దడం, రంగు వెయ్యడం ఆమె పని. నిదానం మంచం పట్టినప్పటినుంచీ అతని పనిబల్ల ఖాళీగా ఉంది. సంచిలోంచి గుడ్డలో చుట్టిన బ్లేడు తీసి, ఎడమచేత్తో పెద్దమ్మ ముందు పెట్టింది.

"పడుకున్నవాడికి బ్లేడెందుకే?"

"నాన్నకు కాదు పెద్దమ్మా, నాకు. రేపు నాన్న బల్ల దగ్గర నన్ను నిలబడమన్నాడు మేస్త్రీ. పెద్ద తలుపొకటుంది. దాన్ని నున్నగా తీస్తే ఆ బల్ల నాదే. లేదంటే బయటినుంచి ఎవర్నో తెచ్చుకుంటాడట. ఇది నా ఎడమచేతికి మార్చిపెట్టు."

"కార్ఖానాలో ఇంకో చిత్రికే లేదా?"

"ఉన్నాయి. ఆ గట్టి కలప మీద అవేవీ ఆగవు. నాన్నది పాత ఉక్కు కదా."

"నాన్నకు చెప్పావా?"

పిల్ల నేలచూపులు చూసింది. "ఎలా చెప్పను? వారం తిరక్కుండా పనికెళ్తానంటున్నాడు. బ్లేడు మారుస్తున్నానంటే, నాన్నా నువ్విక లేవవు అని చెప్పినట్టే కదా పెద్దమ్మా."

పదునత్త గుడ్డ విప్పింది. అరిగి అరిగి పొట్టిదైపోయిన బ్లేడు. ఎడమచేతికి మార్చాలంటే ముందు అంచు మొత్తం కుడి మూల దాకా దించాలి, ఆ తర్వాత ఎడమ మూల తగ్గించాలి. అంత పని ఒక్కసారికి మాత్రమే సరిపోయే ఉక్కు ఉంది. మార్చాక మళ్ళీ నిదానం చేతికి తిప్పడం ఎవరివల్లా కాదు. మారిస్తే మరిదికి అన్న చేసిన పనే వదిన చేసినట్టవుతుంది. మార్చకపోతే పిల్ల రేపు అందరి ముందూ తలుపు పాడుచేసుకుంటుంది.

మెషీన్ ఆపి ఏప్రను విప్పింది. "నువ్వు చెప్పలేవు, సరే. నేనడుగుతాను. పద, నువ్వు పనికి పో."

అందరికీ ముఖం మీదే చెప్పే మనిషి, మరిది ఇంటి మెట్లెక్కుతూ మాత్రం అడగాల్సిన మాటను రెండుసార్లు మనసులో కూర్చుకుంది.

నిదానం కిటికీ పక్క మంచం మీద, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. జన్మంతా పీల్చిన చెక్కపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు అన్నారు. ఊపిరి తీస్తే లోపల రంపం కోస్తున్నట్టు చప్పుడు.

"ఏం వదినా, పట్టపగలు దుకాణం కట్టేశావు? ఎవరైనా పోయారా?"

"నువ్వు పోయావేమో చూసిపోదామని వచ్చా."

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆమె వీపు నిమిరి, మంచినీళ్ళు తాగించి, దిండు సర్దింది. అతను కుదుటపడ్డాక బ్లేడు తీసి అరచేతిలో పెట్టింది.

"మరిదీ, నీ కూతురు రేపు నీ బల్ల దగ్గర నిలబడుతుంది. దీన్ని ఎడమచేతికి మార్చమంది. నీ మాట లేకుండా నేను మార్చను. మార్చమంటావా?"

నిదానం బ్లేడును కిటికీ వెలుతురుకు తిప్పాడు. అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు. మిగిలిన ఉక్కును గోటితో కొలిచాడు.

"ఇంకోసారికే ఉంది."

"అంతే ఉంది."

"మారిస్తే ఇక నాకు పనికిరాదు."

"పనికిరాదు."

అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. ఆ క్షణాన చేతనైతే బాగుండునని మాత్రం అనిపించింది. అతను కళ్ళు మూసుకున్నాడు. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నిద్రపట్టిందేమోననుకుని ఆమె లేవబోయింది.

"పిల్ల చిత్రిక పట్టడం ఎప్పుడైనా చూశావా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"లేదు. ఎలా చూస్తాను?"

"నేను చూశాను. అన్నాలవేళ అందరూ బయటికెళ్ళాక నా బల్ల దగ్గర చేరి పనికిరాని చెక్కల మీద పట్టేది. నేను తలుపు సందులోంచి చూసేవాణ్ణి. బరువు ఎడమకే వేస్తుంది గానీ నాలాగా భుజంతో తొయ్యదు, నడుంతో తోస్తుంది. నాకన్నా తేలిక చెయ్యి. నాకు తగ్గించినంత తగ్గించకు వదినా, అందులో సగం చాలు. ఎక్కువైతే అంచు చెక్కకు అందదు."

వదినకు కోపం వచ్చింది. "అంత చూసినవాడివి మేస్త్రీతో ఒక్క మాట అనకపోయావా? ఇన్నేళ్ళూ ఆ పిల్ల చేత కాగితాలు రుద్దించావా?"

"నా బల్ల దగ్గర ఇంకొకరంటే మనసొప్పలేదు. కూతురైనా సరే ఒప్పలేదు." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పే. మార్చెయ్ వదినా. కానీ మా అన్నలా తిన్నగా మాత్రం పట్టకు!"

ఇద్దరూ నవ్వారు. ఆ పాత గొడవ గురించి ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆమె అతని జుట్టు చెదరగొట్టి మెట్లు దిగింది.

గదికి రాగానే తొట్టి నిండా కొత్త నీళ్ళు పోసింది. బ్లేడును పట్టుకొయ్యలో బిగించి, అంచు వాలు మీద నల్లరంగు పెన్నుతో పూసింది. రాయి ఎక్కడ తగిలితే అక్కడ నలుపు చెరిగిపోతుంది, దాన్నిబట్టి పట్టుకొయ్య మరమేకు తిప్పి సరిచేసుకోవాలి. ఒకసారి ఆనించి చూసింది, మరమేకును అర చుట్టు వదులు చేసింది, మళ్ళీ ఆనించింది. రాయి మెల్లగా తిరుగుతోంది. నీళ్ళు బ్లేడు మీదుగా పల్చటి తెరలా జారుతున్నాయి. నిదానం అంచు కొద్దికొద్దిగా అరిగి బురదై తొట్టిలో కలిసిపోయింది. ఆమెకు చాలా బాధగా ఉంది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది, ఈ పని తనకన్నా బాగా ఎవరూ చెయ్యలేరని ఆ చేతికి తెలుసు.

ఎడమ మూల దగ్గర రెండు వేళ్ళు ఆనించి బరువు వేసింది. నిదానం చెప్పిన సగం దగ్గర ఆపింది. ఇంకొక్క చుట్టు తిప్పుదామా అనిపించింది గానీ తిప్పలేదు. అంచు వెనక లేచిన గరుకు పొరను వేలితో తడిమి, మెషీన్‌కు అవతలి వైపున్న తోలుచక్రం మీద అది రాలిపోయేదాకా రుద్దింది. బ్లేడులో కిటికీ ఊచలు అద్దంలోలా కనిపించాయి.

సాయంత్రం పని దిగి పిల్ల వచ్చింది, సంచిలో తండ్రి చిత్రికతో. పెద్దమ్మ ఏమీ చెప్పకముందే బల్ల మీది బ్లేడు అంచు చూసి విషయం గ్రహించింది.

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోవడమేమిటి? నీ చెయ్యి ఎలా పడుతుందో నాకు పాఠం చెప్పి పంపాడు. తలుపు సందులోంచి రోజూ చూసేవాడట."

పిల్ల బ్లేడు చిత్రికలో పెట్టి, చీల బిగించి, సుత్తితో తట్టి సరిచూసుకుంది. పదునత్త గట్టి కలప ముక్కొకటి తెచ్చి బల్లకు బిగించింది. మొదటి తోపు సగంలో ఆగింది. రెండో తోపుకు పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టుకుని నడుంతో ముందుకు వంగింది, అచ్చం నిదానం చెప్పినట్టే. చిత్రిక చివరిదాకా ఒకే చప్పుడుతో సాగింది. పల్చటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ తెగకుండా బయటికొచ్చింది. పిల్ల చెక్క మీద అరచేయి ఆ చివరనుంచి ఈ చివరకు రాసింది. ఒక్క గీత లేదు.

"నాన్నకు చూపించి వస్తాను!" అంటూ పొట్టు చుట్టను రెండు చేతుల మధ్య దాచుకుని పరుగెత్తింది.

పదునత్త సంబరంగా దుకాణం సర్దడం మొదలుపెట్టింది. రాయిని రాత్రంతా నీళ్ళలో నాననిస్తే మెత్తబడుతుంది కాబట్టి తొట్టి దించి బురద పారబోసింది. అరలు తుడిచింది. నేల కడుగుతుండగా ఫోన్ మోగింది.

"పెద్దమ్మా..." పిల్ల గొంతు.

"చూశాడా?"

"చూశాడు. పొట్టును కిటికీ దగ్గర పట్టుకుని, రెండంచులూ వేలితో తడిమాడు. 'వదిన నా మాట విందే' అని నవ్వాడు. నీళ్ళు కావాలన్నాడు పెద్దమ్మా. తెచ్చేలోపే..."

"వస్తున్నా. నాన్న పక్కనే కూర్చో. వస్తున్నా."

ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తనివితీరా ఏడ్చి, పంపు దగ్గర ముఖం కడుక్కుని, మేస్త్రీకి ఫోన్ చేసింది. నిదానం పోయాడని చెప్పింది. అతను అయ్యో అంటుండగానే అడ్డుకుంది.

"నీ తలుపుకు కాళ్ళు లేవు, ఎక్కడికీ పోదు. పిల్ల వచ్చేదాకా ఆగుతుంది. ఈలోగా ఆ బల్ల దగ్గర ఇంకెవర్నయినా నిలబెట్టావో, నీ కార్ఖానాలో ఒక్క ఉలికి పదునుండదు. చెబుతున్నా."

"అలాగే అత్తా, పిల్లే నిలబడుతుంది," అన్నాడు మేస్త్రీ.

తాళం చెవి తీసుకుని దీపం ఆర్పబోతూ బల్ల వైపు చూసింది. పిల్ల వదిలేసి పరుగెత్తిన చిత్రిక అక్కడే ఉంది. కుడి పక్కన, నిదానం వేళ్ళు ఆనిన చోట చెక్క గుంటపడి, చెమటా నూనే తాగి నల్లగా నున్నగా ఉంది. ఎడమ పక్క మాత్రం ఇంకా ఎవరి వేలూ తగలనట్టు గరుగ్గా ఉంది.