అది అమ్మ నిద్ర

కొత్త గౌను మెడ దగ్గరున్న లేబుల్‌ని ఆమె ఒక్కొక్క కుట్టే విప్పుతోంది. కత్తిరిస్తే మొదలు మిగిలిపోతుంది, ఆ మొదలు గువ్వకి ముల్లులా గుచ్చుకుంటుంది. గువ్వంటే కూతురు. దుప్పటి ముడతైనా, పక్కింటి మిక్సీ మోతైనా దాని ఒంటికి తగలాల్సిందే. సాక్సులు తిరగేసి తొడగాలి, దుప్పటి ఉతికి ఉతికి మెత్తబరచాలి, నిద్రపుచ్చాలంటే వీపు మీద చెయ్యి వేసి ఒకే తీరుగా జోకొట్టాలి. చెయ్యి తీస్తే కళ్ళు తెరుస్తుంది. ఇదంతా ఆమె పనే. దాన్ని పని అని ఎవరూ అనరు కాబట్టి సెలవు కూడా లేదు. ఒకసారి ఆఫీసు మీటింగులో కునుకు పడితే మేనేజరు, "ఇంట్లో రోజూ పార్టీలా మేడమ్?" అన్నాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అత్తగారిది ఎప్పుడూ ఒకటే పాట: "మేమూ పిల్లల్ని కన్నామమ్మా. గారం చేస్తే నెత్తికెక్కుతారు." భర్తది మరీ అన్యాయం: "నీకేం, దాని పక్కన హాయిగా పడుకుంటావు."

చివరికి పిల్లల థెరపిస్టు ఒక మెత్తటి బ్యాండు ఇచ్చింది. చేతికో కాలికో కడితే జోకొడుతున్నట్టు నెమ్మదిగా తాకుతూ ఉంటుంది, ఎంత నిద్ర పట్టిందో ఫోనుకి చెబుతుంది. "వెంటనే పాపకి కడితే విసిరికొడుతుంది. ముందు మీరు కట్టుకోండి. తనే అడగాలి," అంది. థెరపిస్టు గుమ్మం తొక్కని భర్త, బ్యాండు ఇంటికి రాగానే దాన్ని తన ఫోనుకి కలిపి, గువ్వ పేరు పెట్టేశాడు. ఆమె ఏదో చెప్పబోతే "నాకు తెలుసులే" అన్నాడు.

లేబుల్ ఊడిరాబోతుండగా ఆయన ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఇదిగో చూడు! అన్నీ ఎర్ర గీతలే. లేవడం, పడుకోవడం, మళ్ళీ లేవడం. వారం నుంచీ ఇదే వరస. ఇలాగైతే మనిషి బతుకుతుందా? ఇవాళ సెలవు పెడుతున్నా, పెద్ద డాక్టరుకి చూపిద్దాం."

అత్తగారు ఫోనులోకి తొంగిచూసి కళ్ళొత్తుకున్నారు. "అయ్యో తల్లీ, ఇంత నరకం పడుతూ నోరు విప్పి చెప్పుకోలేదే!"

ఆమె నిద్ర కోసం ఆ ఇంట్లో ఒకరు సెలవు పెట్టడం, ఒకరు కళ్ళొత్తుకోవడం అదే మొదలు. ఇంకాసేపు విందామనిపించి ఆమె పెదవి బిగించింది.

గువ్వ పాలగ్లాసులోంచి మూతి తీసింది. "నేనింకా కట్టుకోలేదుగా నాన్నా. అది అమ్మ నిద్ర."

ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. విషయం తెలియకపోయినా గువ్వ కిలకిలలాడింది. "చాల్లే, పొలమారుతుంది," అంటూనే అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇక భర్త ముఖం చూడాలి!

"నాకు చెప్పొచ్చుగా?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"నిద్ర ఉండట్లేదని చెప్పానండీ. ఫోను చెబితేగానీ మీరు నమ్మలేదు." ఆమె బ్యాండు విప్పి ఆయన చేతికి కట్టింది. "నాన్న కట్టుకోవడం కూడా అది చూడాలిగా. ఇవాళ్టి నుంచి దాని పక్కన మీరు పడుకోండి. జోకొట్టడం ఆపకండేం!"

కొన్నాళ్ళు ఆయన గీతలూ ఎర్రగానే వచ్చాయి. ఒకరోజు చొక్కా తిరగేసి తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరితే తల్లే వెనక్కి పిలవాల్సి వచ్చింది. "నీకేం" అన్న మాట మళ్ళీ వినబడలేదు. ఒక సాయంత్రం గువ్వ తనే ఆయన చెయ్యి లాగింది. "నాకివ్వు నాన్నా. సాక్సు మీద కట్టు."

మర్నాడు ఫోనులో చాలా పొడుగ్గా ఒకే నీలం గీత. ఆయన అది పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఆమె గది తలుపు తట్టబోయాడు. గువ్వ అడ్డంగా నిలబడి పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్... అమ్మ పడుకుంది."

లోపల ఆమెకి మెలకువగానే ఉంది. ఆ మాట విని, గువ్వ కోసం మెత్తబరచిన దుప్పటి భుజాల దాకా లాక్కుని, హాయిగా అటు తిరిగి పడుకుంది.