అస్సాం నుంచి వచ్చిన ఊపిరి

వెచ్చని ఆముదం వాసన.

అరచేతుల్లో. గోళ్ళ సందుల్లో. చీర కొంగులో. ఎంత కుంకుడు రసం పోసి రుద్దినా పోని వాసన...

మగ్దలీనమ్మ కంటే ముందు ఆ వాసన వచ్చేది. నొప్పులు పడే మనిషికి ఆ వాసన తగిలితే సగం ధైర్యం వచ్చేది.

ఇసకపల్లి దాపున, ఉప్పు కాలవకూ సముద్రానికీ మధ్య ఒక పల్లె. ఒక పక్క ఉప్పు మళ్ళు. ఒక పక్క సరుగుడు తోపులు. ఆ పల్లెకూ, చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ళకూ ఆమె మంత్రసాని. ఆ ఊళ్ళలో ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళంతా ఆమె చేతుల్లోకి జారినవాళ్ళే.

అయినా పెద్ద ఇళ్ళలోకి ఆమె వెళ్ళేది దొడ్డి వాకిట్లో నుంచే.

భర్త కృపాదానం ఉప్పు పడవ మీద వెళ్ళి, జ్వరంతో తిరిగొచ్చి, వారానికే పోయినాడు. మిగిలింది ఒక్క కూతురు.

నవోమి.

ఆ పిల్లను నెల్లూరు మిషను ఆసుపత్రిలో నర్సు చదువుకు పెట్టింది. నాలుగేళ్ళు చదివింది. పంతొమ్మిది వందల యాభై ఏడులో పని వచ్చింది. నెల్లూరులో కాదు — అస్సాంలో. టీ తోటల నడుమ ఒక చిన్న ఆసుపత్రి. అయిదు రోజుల ప్రయాణం.

"అంత దూరమా?" అన్నారు ఊళ్ళో.

"ఏం, అక్కడ మాత్రం ఆడోళ్ళు బిడ్డల్ని కనరా?" అన్నది మగ్దలీనమ్మ.

అల్లూరు దాకా నడిచి, బస్సెక్కించింది. ఏడవలేదు. బస్సు కనుమరుగైంది. దుమ్ము అణిగింది. ఆమె అక్కడే నిలబడింది... ఇంకో బస్సు వచ్చి, అది కూడా వెళ్ళిపోయేదాకా.

తర్వాత ఇంటికి నడిచింది. దారిలోనే ఎవరో ఎదురొచ్చినారు. నొప్పులు మొదలైనాయని.

వెళ్ళింది.

*

ఉత్తరాలు వచ్చేవి. మగ్దలీనమ్మకు చదువు లేదు. తపాలా హజరత్తయ్య కాలవ గట్టున నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, చదివి పెట్టేవాడు. జవాబూ ఆయనే రాసేవాడు.

మొదట్లో అన్నీ మామూలు మాటలే. వందనాలు. చలి. కొండలు. ఆవనూనె కూరలు నోటికి పోవడం లేదని...

యాభై ఎనిమిది ఎండాకాలంలో ఒక ఉత్తరం వచ్చింది.

"అమ్మా, బొడ్డు కోసే ముందు కత్తిని మరిగే నీళ్ళలో వెయ్యి. కట్టే దారాన్ని కూడా. బొడ్డు మీద బూడిద పెట్టనియ్యవద్దు. ఎనిమిదో నాడు దవడలు బిగుసుకుని పోయే బిడ్డలు పక్షి దోషంతో పోవడం లేదు. కత్తికి అంటిన మురికితో పోతున్నారు."

హజరత్తయ్య ఆగినాడు.

"ఏందీ? మళ్ళా చదువు."

మళ్ళా చదివినాడు.

"నా కత్తితోనా?"

ఆయన జవాబుకు కలం తీసినాడు.

"దాని బొడ్డు కోసింది కూడా ఆ కత్తే అని రాయి. నేను పెట్టిన కూడు తిని, నాకే చెప్పొచ్చిందా... వొద్దులే. ఏం రాయొద్దు. మూసెయ్."

మూడు నెలలు జవాబు లేదు.

ఆ మూడు నెలల్లో ఇంకో రెండు ఉత్తరాలు వచ్చినాయి. విప్పకుండానే రేకు పెట్టెలో పడినాయి. హజరత్తయ్య మజ్జిగ తాగి వెళ్ళేవాడు. చదవమంటావా అక్కా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

అప్పుడు పెంచలమ్మ బిడ్డ పోయినాడు.

సముద్రం ఒడ్డున, వల ఆరేసిన గుడిసెలో. ఎనిమిదో నాడు. పాలు పట్టలేకపోయినాడు. దవడలు బిగుసుకున్నాయి. ఒళ్ళు విల్లులా వంగింది.

"ఏం దోషం తగిలిందో, మగ్దలీనక్కా," అని పెంచలమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఆ చేతులనే.

ఇంటికొచ్చి మగ్దలీనమ్మ నట్టింట్లో కూర్చుంది. ఒక్కొక్క ఇల్లూ తలుచుకుంది. ఆ ఇంట్లో ఒకడు... ఈ ఇంట్లో ఒకతి... తాటితోపు పక్కింట్లో, వరసగా ఇద్దరు... అన్నీ ఎనిమిదో నాళ్ళే. తొమ్మిదో నాళ్ళే.

పదకొండు మంది.

ఏడుపు రాలేదు. ఏడిస్తే తేలికవుతుంది. తేలికవడానికి ఆమె ఒప్పుకోలేదు.

తెల్లారి కొత్త కుండ కొనింది. ఆ కుండలో అన్నం వండలేదు. కూర వండలేదు. కత్తి, దారం — ఆ రెంటికే ఆ కుండ.

హజరత్తయ్యను పిలిచి కూర్చోబెట్టింది.

"రాయి. కత్తి మరగబెడతా ఉండాను. పదకొండు మంది బిడ్డలు నా వల్ల పోయినారు. అది నాకూ దేవుడికీ మధ్య మాట. నువ్వు దాని గురించి ఏడవొద్దు. నీకు ఇంకా ఏమేం తెలుసో అంతా రాయి. అమ్మ నొచ్చుకుంటుందని దాచొద్దు. దాచితే ఇంకోడు పోతాడు."

ఆ పైన, ఆ నాలుగూళ్ళలో, ఆమె కోసిన బొడ్డుతో ఎనిమిదో నాడు ఏ బిడ్డా పోలేదు.

ఒక్కడు కూడా.

*

అప్పటి నుంచి ఉత్తరాల తీరు మారింది.

చలి సంగతి పోయింది. కూరల సంగతి పోయింది. తల్లికీ కూతురికీ మధ్య కాన్పులు నడిచినాయి. ఎవరికి ఎన్ని గంటల నొప్పులు. ఎవరికి మాయ పడలేదు. ఎవరి కాళ్ళు వాచినాయి. ఏం చేశావు... ఏం చెయ్యాల్సింది...

హజరత్తయ్య ముఖం ఎర్రబడేది. గొంతు తగ్గించేవాడు. ఏడాది తిరిగేసరికి అలవాటు పడినాడు.

"మీసాలుండాయి గానీ అక్కా, సగం మంత్రసానిని అయిపోయినాను," అనేవాడు.

ఒకసారి కూతురే అడిగింది. "అడ్డం తిరిగిన బిడ్డను నువ్వు పైనుంచే సవరిస్తావు గదా. ఎట్లాగో చెప్పు. మా పుస్తకంలో నాలుగు ముక్కలే ఉన్నాయి. చేతికి అందడం లేదు."

చేతికి తెలిసింది నోటితో చెప్పడం ఎట్లా?

మగ్దలీనమ్మ గోనెసంచిలో గుమ్మడికాయ పెట్టింది. చుట్టూ తడి ఇసక పోసింది. అరుగు మీద పడుకోబెట్టింది.

"చూడు. తల ఇక్కడ. ఒక చెయ్యి తలకాడ, ఒక చెయ్యి పిర్రకాడ. ఇట్టా... ఇట్టా నెమ్మదిగా. కడుపు గట్టిపడితే చెయ్యి ఆపాల. మెత్తబడితే మళ్ళా. తొందరపడితే బిడ్డ అలుగుద్ది. రాసుకున్నావా?"

"బిడ్డ అలుగుద్ది... రాసినాను."

నెల తర్వాత జవాబు వచ్చింది.

"తిరిగిందమ్మా. డాక్టరు దొర ఏ పుస్తకంలో చదివినావని అడిగినాడు. మా అమ్మ అని చెప్పినాను. ఆ పేరుతో పుస్తకం ఉందేమో అనుకున్నాడు."

ఆ ముక్క హజరత్తయ్య చేత మూడుసార్లు చదివించుకుంది. నాలుగోసారి ఆయనే, అడగకుండానే, చదివినాడు.

*

అరవైలో, కార్తీకంలో, ముసురు పట్టింది.

మూడు రోజులు వాన. నాలుగో రోజు గాలి. కాలవ పొంగి గట్టు తెగింది. అల్లూరు బాట నీళ్ళలో మునిగింది.

ఆ పూటే ఆదిశేషమ్మ గారి కోడలికి నొప్పులొచ్చినాయి. వంద ఎకరాల ఇల్లు. కోడలు వెంకటశేషమ్మకు తొలి కాన్పు. నెల్లూరు తీసుకెళ్ళాలని ముందే మాట్లాడి పెట్టుకున్నారు. కానీ బండి కాలవ దాటదు.

మగ్దలీనమ్మకు కబురొచ్చింది. మోకాటి లోతు నీళ్ళలో, నెత్తిన కుండ పెట్టుకుని వెళ్ళింది.

దొడ్డి వాకిట్లో నుంచే.

మధ్యాహ్నం దాటినాక బిడ్డ బయటపడింది. ఆడబిడ్డ. మెడకు పేగు. పేగు తీసింది. వీపు నిమిరింది. పాదాల మీద కొట్టింది.

ఏడుపు లేదు.

నీలం రంగు. మెత్తని, కదలని నీలం...

మూలన ఉన్న ఆదిశేషమ్మ కళ్ళు మూసుకుంది.

మగ్దలీనమ్మకు ఒక ఉత్తరం గుర్తొచ్చింది. హజరత్తయ్య గొంతులో, నవోమి మాట. *నోరు శుభ్రం చెయ్యి. తల కొంచెం వెనక్కి వాల్చు. బిడ్డ నోరూ ముక్కూ కలిపి నీ నోటితో మూసి, ఊదు. గుండెల నిండా ఊదొద్దు. బుగ్గల్లో పట్టేంత గాలే...*

ఆమె వంగింది.

"ఏం చేస్తుండావు?" ఆదిశేషమ్మ ఉలిక్కిపడింది. "నోట్లో నోరు పెడతావా? నువ్వా?"

ఆ 'నువ్వా'లో ఏముందో మగ్దలీనమ్మకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"వొద్దంటే ఆపుతానమ్మా. బిడ్డ మాత్రం ఆగదు."

ఆదిశేషమ్మ ఒక అడుగు ముందుకేసింది.

ఆగిపోయింది.

మగ్దలీనమ్మ ఊదింది. బుగ్గల్లో పట్టేంత గాలి. ఒకసారి. మళ్ళా. బయట తాటాకులు విరిగి పడుతున్నాయి. మళ్ళా. మంచం మీద వెంకటశేషమ్మ లేవబోయి, లేవలేక, అమ్మా అమ్మా అంటోంది. మళ్ళా...

చిన్న ఎక్కిలి.

ఒక దగ్గు.

ఆ తర్వాత ఏడుపు — గాలివానను మించిన ఏడుపు!

బిడ్డను గుడ్డలో చుట్టుకుంటూ ఆదిశేషమ్మ అడిగింది. "ఎవరు నేర్పినారు నీకు?"

"నా కూతురమ్మా."

"ఎక్కడుంది?"

"అస్సాంలో."

"అక్కడి నుంచి నేర్పిందా?"

"అక్కడి నుంచే."

కుండ నెత్తిన పెట్టుకుని మగ్దలీనమ్మ లేచింది. ముందు వాకిట్లో నుంచి పొమ్మని ఎవరూ అనలేదు. ఆమె ఎదురుచూడలేదు. వచ్చిన దారినే వెళ్ళింది.

కానీ ఆ రోజు ఆ దొడ్డి వాకిలి దాటడానికి ఆమె తల వంచాల్సి వచ్చింది. అది అంత చిన్నదని ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచలేదు.

*

నవోమికి రెండు మూడేళ్ళకొకసారి సెలవు. మొదటిసారి బయల్దేరబోతే తోటల్లో కలరా వచ్చింది. రెండోసారి యుద్ధం.

అరవై రెండు. చైనావాళ్ళు కొండలు దిగుతున్నారని అల్లూరులో రేడియో చెప్పింది. నవోమి ఉన్న వైపే.

ఉత్తరాలు ఆగినాయి.

హజరత్తయ్య రోజూ వచ్చేవాడు. ఆ పల్లెకు తపాలా లేని రోజున కూడా వచ్చేవాడు. దూరం నుంచే చెయ్యి ఊపేవాడు... లేదక్కా. ఆమె తల ఆడించేది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. నలభై రోజులు.

ఆ నలభై రోజుల్లో ఆమె ఆరు కాన్పులు చేసింది. ఏ కాన్పుకూ పోనని అనలేదు.

క్రిస్మస్ ముందు వారం, హజరత్తయ్య కాలవ గట్టు మీద పరుగెత్తినాడు. యాభై ఏళ్ళ మనిషి.

"అమ్మా, వందనాలు. నేను బాగున్నాను. దొరలూ డాక్టరూ కార్లెక్కి నది దాటి వెళ్ళిపోయినారు. నన్నూ ఎక్కమన్నారు. వార్డులో ఇద్దరు నొప్పులు పడుతున్నారు. నువ్వైతే ఎక్కేదానివా అమ్మా?"

హజరత్తయ్య తలెత్తినాడు.

"ఎక్కేదాన్ని కాదు," అన్నది మగ్దలీనమ్మ. ఆయనతో కాదు. కాగితంతో.

"ఇద్దరూ క్షేమంగా కన్నారు. ఒకరికి కవలలు. చైనావాళ్ళు మా దాకా రాకుండానే వెనక్కి పోయినారు..."

ఆ ఆదివారం తాటాకు గుడిలో, పాస్టరు సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు, ఎన్నడూ లేవని మగ్దలీనమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఎంతో చెప్పాలనుకుంది.

"నా కూతురు కారెక్కలేదు," అన్నది.

కూర్చుంది.

*

అరవై ఆరులో నవోమి రాసింది. "ఈసారి నేను రాను. నువ్వే రా. కాన్పులకు కొత్త వార్డు కట్టినారు. చూద్దువుగాని."

అరవై దాటిన మనిషి. నెల్లూరు అవతల ఏమీ చూడని మనిషి. హజరత్తయ్య చీటీ మీద చిరునామా రాసిచ్చి, నెల్లూరు వచ్చి రైలెక్కించినాడు. హౌరాలో ఎవరో దారి చూపినారు. గంగ ఒడ్డున రైలు దిగి, స్టీమరెక్కి, అవతల ఇంకో రైలెక్కింది. భాషలు మారినాయి. నీళ్ళ రుచి మారింది. చీటీ మడతల దగ్గర చిరిగింది.

ఆరో రోజు ఒక చిన్న స్టేషనులో దిగింది.

నవోమి కణతల దగ్గర జుట్టు నెరిసింది. తొమ్మిదేళ్ళు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు — ఉత్తరాల్లో అన్నీ రాసుకున్నారు గానీ, ఇది మాత్రం ఎవరూ రాయలేదు.

"వందనాలమ్మా."

"చిక్కిపోయినావే."

"ఇంటికి పోదామా, ఆసుపత్రికా? తొలిచూలు పిల్ల ఒకతి. పొద్దుటి నుంచి నొప్పులు పడతా ఉంది."

"ఇల్లు ఎక్కడికీ పోదులే. పద."

కాళ్ళు కడుక్కుంది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. కొత్త వార్డులో సున్నం వాసన ఇంకా పోలేదు. మంచం మీద పద్దెనిమిదేళ్ళ పిల్ల. టీ ఆకు కోసి కోసి నల్లబడిన వేళ్ళు. ఏ భాషలోనో ఏడుస్తోంది.

మంచానికి అటు నవోమి. ఇటు మగ్దలీనమ్మ. తల్లీ కూతుళ్ళు ఒక కాన్పు దగ్గర కలిసి నిలబడడం అదే మొదటిసారి.

అవతల మంచాల మీది ఆడవాళ్ళు నవోమిని ఏదో అడిగినారు. నవోమి ఏదో చెప్పింది. వాళ్ళంతా లేచి కూర్చుని మగ్దలీనమ్మ వైపు చూసినారు.

"ఏం చెప్పినావే?"

"ఆ పుస్తకం ఈమే అని."

మగ్దలీనమ్మ ముఖం తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి ఆ చేతులు పనికిరావు. కడిగిన చేతులు మరి...

నొప్పి వచ్చింది. ఆ పిల్ల రెండు చేతులూ చాచి, అందినవి పట్టుకుంది. ఒకటి తల్లి చెయ్యి. ఒకటి కూతురి చెయ్యి. ఏది ఎవరిదో చూసుకునే ఓపిక ఆ పిల్లకు లేదు.

"ఇంకొంచెమే తల్లీ," అన్నది మగ్దలీనమ్మ, నెల్లూరు తెలుగులో.

ఆ పిల్ల తల ఊపింది.

"ఇంకొంచెమే..."