ఎడమచేతి పాట

అక్క పోయి నెలయింది. సాయంత్రం బడివాళ్ళు వచ్చి, వాళ్ళకిచ్చేసిన ఆమె డిజిటల్ పియానో పట్టుకుపోతారు. ఈలోగా అందులో అక్క వాయించి దాచుకున్న ఒకే ఒక్క పాటను బయటికి తీయాలి. చెల్లెలు పొద్దుటినుంచీ ఎదురుచూస్తూనే ఉంది. కింద కొట్లోని కంప్యూటర్ మెకానిక్ వచ్చి పియానో వెనక చతికిలబడేదాకా మంచినీళ్ళయినా ముట్టలేదు.

"శబ్దం రాదండీ పెద్దమ్మగారూ," అన్నాడతను, కేబుల్ ఒక కొస పియానోకీ ఇంకో కొస ల్యాప్‌టాప్‌కీ తగిలిస్తూ. "మిడి అంటే అంతే. ఏ మీట ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అదే వస్తుంది. రేపు ఇంకే కీబోర్డుకి తగిలించినా అచ్చం అలాగే వాయిస్తుంది."

"మా అక్క వేళ్ళు వస్తాయిగా, చాలు నాయనా."

"వేళ్ళేం ఖర్మ, గోళ్ళతో సహా వస్తాయి!"

ఎదురుగా నిలబడి చూడలేక ఆమె వంటింట్లోకి పోయింది. అయిపోయిందని పిలిస్తే వచ్చి, ల్యాప్‌టాప్‌లో విన్నది. ఒకచోట, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టయింది.

"ఇక్కడేదో పోయింది."

"పోలేదండీ, నేనే తీసేశాను. మధ్యలో కేబుల్ వదులైనట్టుంది, ఇంత ఖాళీ వచ్చింది. కోసి అతికించా. అతుకు కనబడిందేమో చెప్పండి!" అంటూనే, పియానోలో పాటను చెరిపేసే బటన్ మీదికి వేలు పోనిచ్చాడు.

"ఆగు! నాకా ఖాళీయే కావాలి."

"ఖాళీ ఏం చేసుకుంటారండీ?"

"కప్పుకుని పడుకుంటాను. నీకెందుకు? మళ్ళీ మొదట్నించీ పెట్టు."

పెట్టాడు. పాటలో ఉన్నది ఎడమచెయ్యే. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి వాయించడానికి కూర్చుంటే ఎడమవైపు ఎప్పుడూ అక్కది, కుడివైపు చెల్లెలిది. తెరమీద పచ్చగీతలు వరసగా పడుతూ పడుతూ ఠక్కున ఆగిపోయాయి. మెకానిక్ కేబుల్ అందుకోబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

ఆ చోట కుడిచెయ్యి ఒక్కసారిగా పైకి దూకాలి. చెల్లెలు ఏనాడూ వేళకి దూకలేదు. "రావే నత్తా!" అని విసుక్కుంటూనే అక్క ఆగేది. పదకొండేళ్ళ కిందట మాటామాటా వచ్చి, చెల్లెలు ఈ గడప తొక్కడం మానేసింది. తెరమీద పాట పక్కనున్న తేదీ పోయినేడాదిది. పక్కన ఎవరూ లేకుండా, ఒక్కతే కూర్చుని వాయించుకుంటూ కూడా అక్క అక్కడ ఆగింది.

"కేబుల్ బాగానే ఉంది," అంది చెల్లెలు, చెయ్యి వదలకుండా.

"మరి రావట్లేదేమండీ?"

"వస్తుంది. నన్నక్కడికి చేరనీ."