పాట లేని వెన్న

రాజ్యం సైన్యంతో నిలుస్తుంది, ధర్మం శాస్త్రంతో నిలుస్తుంది. వెన్న మాత్రం పాటతోనే నిలుస్తుంది. బోధన్ చెరకు సీమలో నలభై ఎకరాల తోటకూ, రెండు పాడి బర్రెలకూ అధిపతి అయిన బాపురావు పటేలు ఇంట మూడు తరాలుగా చెల్లుతున్న సిద్ధాంతమిది. మీగడ చిలికే మనిషి చిలికినంతసేపూ గొంతెత్తి పాడాలి. పాట ఆగితే లక్ష్మి అలుగుతుంది, వెన్న ముఖం చాటేస్తుంది. పాడే నోరు నమలలేదన్న చిన్న సత్యాన్ని మాత్రం ఆ సిద్ధాంతకర్తలు ఎందుకో గ్రంథస్థం చెయ్యలేదు.

పన్నెండేళ్లుగా ఆ పాట భీమవ్వది. 1962 మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఆ పాట లేదు.

పొద్దున షక్కర్ ఫ్యాక్టరీ సైరన్ కూసినప్పటి నుంచి ఆమె మంచు కారే తోటలో చెరకు మోపులు కట్టింది. మూడు రోజుల జ్వరానికి గొంతు పూడిపోయింది. అయినా ఇక్కడ పటేలు ఇంటి వెనక వసారాలో నాలుగు రోజుల మీగడ తోడుకుని కుండలో ఎదురుచూస్తోంది. చిలికినందుకు దొరికే చెంబెడు చల్ల కోసం అక్కడ ఆమె గుడిసెలో ఇంటిల్లిపాదీ జొన్నగట్క ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. భీమవ్వ కవ్వానికి తాడు చుట్టి లాగసాగింది.

పటేలు భార్య అనసూయమ్మ వంటింటి గడపలోకి వచ్చింది.

“ఏమే భీమవ్వా! నోట్ల మన్ను వోసుకున్నవా? పాటేదే?”

“గొంతు వోయింది దొరసానీ. మంచు వట్టింది.” మాట కన్నా గాలే ఎక్కువగా వచ్చింది.

“గొంతు లేకుంటె మూలుగు. నోరు మాత్రం మూయకు.”

పెరట్లో పేడ ఎత్తుతున్న లింగవ్వ తల ఎత్తకుండానే అంది: “మూలుగుడు కొత్తగ నేర్పాల్నా దొరసానీ? పొద్దుగాల సంది తోటల అదే పాటాయె!”

అనసూయమ్మ నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వు కూడా దుబారా కిందికే వస్తుంది.

భీమవ్వకు ఆ ‘మూలుగు’ ఎక్కడో తగిలింది. కడుపున పుట్టిన పిల్ల పోయిన పదకొండో రోజున కూడా ఆమె ఈ కుండ ముందే కూర్చుని, పాటలో బాలకృష్ణుణ్ణి ఆడించింది. పెదవులు బిగించి తాడు లాగింది.

పాట లేకపోయేసరికి కుండ మాట్లాడింది. బరువుగా దబదబమంటున్న మీగడ ఒక క్షణాన పలచబడి గళగళమంది. వెన్న విడిపోయే ఆ ఘడియను పన్నెండేళ్లలో ఒక్కనాడూ తన పాట మధ్య ఆమె వినలేదు. అందాజుగా నీళ్లు పోసేది. ఇవాళ సరిగ్గా ఆ చప్పుడుకే చెయ్యి ఆపి, గోరువెచ్చని నీళ్లు చిలకరించి, మెల్లగా మరికాసేపు తిప్పింది. కుండ మూతి నిండా వెన్న తేలింది.

ఆ వెన్నను తాకే అధికారం అనసూయమ్మ ఒక్కదానిదే. తీసి, ముద్ద చేసి, తూచింది. ఏనాడూ రెండు సేర్లు దాటనిది ఆ రోజు రెండుంబావు తూగింది. సిద్ధాంతం కూలవలసిన చోటు ఇదే. కానీ సిద్ధాంతాలు అంత సులువుగా కూలవు. పక్కకు ఒత్తిగిల్లి పడుకుంటాయి.

“ఇంతొచ్చిందంటె అసలు ఇంకెంత రావాల్నో! ఇన్నేండ్లు ఎంత మింగినవో!” అనసూయమ్మ ముఖం జేవురించింది. “నోరు అందుకే మూసుకున్నవా? తెరువు. నాలిక సూపు.”

లింగవ్వ చేతిలో పేడతట్ట ఆగిపోయింది.

భీమవ్వ లేచి, కవ్వాన్ని గోడకు ఆనించింది.

“పన్నెండేండ్ల సంది నువ్వు తెరువుమంటె తెరిసిన. ఇయ్యాల తెరువ.” ఆ గాలిగొంతు వాకిలి దాకా వినిపించింది. “పండ్లు జూసి బేరం జేయనీకె నేను అంగట్ల ఎద్దునా?”

“రేపటి సంది గడప తొక్కకు! సల్ల బందు!”

“బందైతె బందాయె. గట్కల కారం నంజుకుంటం. నీ పాట నువ్వే పాడుకో దొరసానీ.”

ఖాళీ చెంబు చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఆమె వాకిలి దాటింది. లింగవ్వ తట్టను కింద దించింది. మళ్లీ ఎత్తాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అనసూయమ్మ మాత్రం రెండుంబావు సేర్ల వెన్నను ఉట్టి మీదికెక్కించి, దానికి తాళం ఎలా వెయ్యాలా అని ఆలోచించసాగింది.

ఇంతకూ, భీమవ్వకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వెన్న సయించదు. వాసనకే కడుపులో తిప్పుతుంది.