కొత్తవాడ మగ్గం చప్పుడు

సుకన్య కొత్తవాడలో నేసే జంపఖానాల మీద పరిశోధన చేసింది. దాన్ని డిజిటల్ పుస్తకంగా తయారుచేయడానికి ఆమెకు ఏడాది ఫెలోషిప్ వచ్చింది. అందులో బొమ్మను తాకితే నేత కనిపిస్తుంది, మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ముగ్గురు ప్రొఫెసర్లు చూసి మెచ్చుకున్నారు. ఇక ఫెలోషిప్ ఇచ్చినవాళ్లకు పంపించడమే మిగిలింది.

పంపే ముందు, వీడియోలో ఉన్న నేత కార్మికుడు సదానందానికి చూపిద్దామని ట్యాబ్ పట్టుకుని వెళ్లింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇది నా మగ్గం కాదు బిడ్డా."

"నీదే కాకా! నువ్వే నేస్తానవ్ గదా, చూడు."

"బొమ్మ నాదే. చప్పుడు మా బామ్మర్ది కొమురెల్లిది. వాని మగ్గం కుంటుకుంట నడుస్తది."

సుకన్య ట్యాబ్‌లో ఫైళ్లన్నీ తెరిచింది. వెతికి చూస్తే నిజంగానే రెండు రికార్డింగులు తారుమారయ్యాయి. పైగా సదానందం మగ్గం చప్పుడు సగం వరకే రికార్డయింది.

"ప్రొఫెసర్లు గూడ పట్టలే కాకా," అంది సిగ్గుపడుతూ.

"వాళ్లేమన్న నేసిన్రా? ఫికర్ చెయ్యకు. జర కూసో, మల్ల నేస్త."

ఆయన లోపలికి వెళ్లి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"చప్పుడుకు చొక్కా ఎందుకు కాకా?"

"వినేటోళ్లు పెద్దోళ్లు గదా!"

సుకన్య నవ్వు ఆపుకుంటూ అరగంట రికార్డు చేసింది. లేవబోతూ అడిగింది, "మరి కొమురెల్లి మామ చప్పుడు తీసెయ్యాల్నా?"

"తియ్యకు, అలుగుతడు. నాదాని పక్కన పెట్టు. ఎవలు మంచిగ నేస్తరో లోకానికి తెలుస్తది!"

ఆ సాయంత్రం సుకన్య రెండు చప్పుళ్లతోనూ పుస్తకం పంపించింది.