హ్యాండిల్ ఎవరి దగ్గర ఉంటే

నేను ఒక కాంక్రీటు కలిపే మిషన్ని. పుట్టింది కోయంబత్తూరు షెడ్డులో. నోట్లో వేసిన ప్రతిదాన్నీ తిప్పి తిప్పి చూస్తే గానీ బయటికి వదలను. సిమెంటులో బూడిద కలిపేవాళ్లనీ, ఇసుకలో మట్టి కలిపేవాళ్లనీ చూశాక నాకు మనుషుల మీద అనుమానం పట్టుకుంది. అది ఇంకా వదల్లేదు.

నన్ను రాజాంలో అసిరినాయుడు కొన్నాడు. ఒకరి కింద మేస్త్రీగా చేసి చేసి, చివరికి రెండు గేదెల్ని అమ్మి సొంతంగా కాంట్రాక్టులు పట్టిన మనిషి. నా డ్రమ్ము మీద తన పేరు ఎర్రరంగుతో రాయించుకుని ఆ రోజంతా దాని ముందే తిరిగాడు. అనుమానంలో మాత్రం నాకు అన్న. చేత్తో హ్యాండిల్ తిప్పితేనే నా ఇంజను లేస్తుంది. సాయంత్రం పని ఆగగానే ఆ హ్యాండిల్ ఊడదీసి, సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయేవాడు. అది లేకపోతే నేను ఉత్త ఇనుప కుండనే.

అప్పటి ప్రభుత్వం చిన్న కాంట్రాక్టర్లకు ఒక హద్దు పెట్టింది. ఏడాదిలో చేసిన పని ఆ హద్దు లోపల ఉంటే పన్ను నామమాత్రం, దాటితే నడ్డి విరగాల్సిందే. ఆ ఏడు అసిరినాయుడికి పనులు బాగా దొరికాయి. పని దొరికిందని దిగులుపడే మనిషిని నేను అప్పుడే చూశాను. ఎవరో ఉపాయం చెబితే సగం పనుల్నీ, వాటితోపాటు నన్నూ బావమరిది తవిటినాయుడి పేరుకు మార్చాడు. తవిటినాయుడు నా దగ్గరే ఇసుక మోసేవాడు. ఎర్ర అక్షరాలు చెరిపి నీలిరంగుతో అతని పేరు రాశారు.

పేరు మారింది గానీ హ్యాండిల్ చేతులు మారలేదు. ఒకసారి మబ్బు పట్టి ఉంటే, పొద్దున్నే పని మొదలుపెడతానని, హ్యాండిల్ తన దగ్గర ఉంచమని తవిటినాయుడు అడిగాడు. బావ వినిపించుకోనట్టు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తవిటినాయుడు నా మీది నీలి అక్షరాల వంక కాసేపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో ఒకనాడు వీడు నన్ను ట్రాక్టరుకు కట్టుకుని పోతాడనే అనుకున్నాను.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. కాంట్రాక్టర్ల కన్నీళ్లు తుడుస్తామన్న పార్టీ గెలిచింది. గెలిచాక, కన్నీళ్ల మాట తర్వాత, ముందు దొంగపేర్ల సంగతి తేలుస్తామని సైట్ల మీదికి అధికారుల్ని పంపింది.

ఒక ఉదయం మా దగ్గరికీ జీపు వచ్చింది. అధికారి నా మీది పేరు చదివి, మిషను ఎవరిదని తవిటినాయుణ్ని అడిగాడు. అసిరినాయుడు కంకర కుప్ప పక్కన మింగలేక కక్కలేక నిలబడ్డాడు. బావమరిది “నాదే” అంటాడేమోనని భయం. అనడేమోనని అంతకన్నా భయం.

“పేరు నాదే బాబూ,” అన్నాడు తవిటినాయుడు నెమ్మదిగా. “హ్యాండిలు మా బావ సంచిలో ఉంది. అదెవలి కాడుంటే మిషను ఆలదే గదా.”

ఆ గొంతులో కోపం లేదు. దొంగతనం చెయ్యని దొంగకు ఇన్నాళ్లూ కాపలా కాశాం, నేనూ మా నాయుడూ.

రెండు పేర్ల పనీ కలిపి ఒక్కడి నెత్తిన పన్ను వేశారు, దాని మీద జరిమానా. అసిరినాయుడు మళ్లీ ఒకరి కింద మేస్త్రీగా చేరాడు. తవిటినాయుడు అతని గడప తొక్కడం మానేశాడు. పనిలేక మూలపడి, తుప్పుకు తూట్లు పడ్డ నన్ను పాత ఇనుము కొట్టుకు తోలారు.

నన్ను తూకం వేస్తుంటే కొట్టువాడి ఫోనులో వార్తలు వస్తున్నాయి. ప్రభుత్వం ఆ హద్దు పెంచే ఆలోచనలో ఉందట. నేనైతే నమ్మలేదు. కొట్టువాడు హ్యాండిల్ ఏదని అడిగాడు. అసిరినాయుడు సంచిని చంకలోకి నొక్కుకుని, ఇంట్లో ఉండిపోయిందని చెప్పి గబగబా వెళ్లిపోయాడు.