పెట్టని సంతకం

2006 వేసవి దాటాక ఒక శుక్రవారం, జెద్దాలో చనిపోయిన క్రిస్టీనా కోసం ఆదరణ కూడిక పెట్టారు. సౌదీలో క్రైస్తవ కూడికలకు అనుమతి లేదు కాబట్టి పక్కింటివాళ్ళకు వినపడకుండా కిటికీలు మూసి, ఏసీ చప్పుడు మాటున పాటలు పాడుకున్నారు. ఆమె భర్త స్టాన్లీ ఆమెను రాజమండ్రిలో సమాధి చేసి తిరిగొచ్చాడు. చెల్లెలు షైనికి మాత్రం వెళ్ళడానికి సెలవు దొరకలేదు. అక్క పనిచేసిన ఆసుపత్రిలోనే ఆమె కూడా నర్సు.

స్టాన్లీ లేచి గొంతు సవరించుకున్నాడు. "లక్షల్లో ఒకరికొచ్చే గడ్డంటండీ. డాక్టర్లే చేతులెత్తేశారు. అంతా ప్రభువు చిత్తం."

"ఆమేన్" అన్నారంతా. షైనికి ఒళ్ళు మండిపోయింది.

డాక్టర్లు చేతులెత్తెయ్యలేదు. నిరుడు రొమ్ములో గడ్డ ఒక్కటే తీసి పరీక్షకు పంపితే ఫిలోడిస్ అనే అరుదైన రకమని తేలింది. చుట్టూ ఉన్న మంచి కండ కూడా తియ్యాల్సిందని, లేకపోతే మళ్ళీ రావచ్చని డాక్టర్ భరణి అప్పుడే చెప్పింది. వచ్చింది కూడా. "ఈ రకానికి మందులు పెద్దగా పనిచెయ్యవు. రొమ్ము తీసేద్దాం. వేళకు తీయించుకున్నవాళ్ళు చాలామంది బతికే ఉన్నారు" అంది. ఆ ఆసుపత్రిలో భర్త సంతకం లేనిదే కత్తి పెట్టరు. స్టాన్లీ నెలల తరబడి సంతకం పెట్టలేదు. పెట్టేనాటికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది.

షైని లేచి నిలబడింది. "బావా, డాక్టరమ్మ నిన్ను ఎన్నిసార్లు పిలిపించింది?"

"ఇప్పుడా మాటలెందుకు షైనీ? కూర్చో."

"అక్క బతిమాలినప్పుడూ ఇదే అన్నావు. ఇప్పుడెందుకు, చూద్దాం అని."

"అది కోసేస్తే ఆడమనిషి నలుగురిలో తలెత్తుకు తిరగ్గలదా? దాని మంచికే కదా నేను..."

"కొయ్యాలన్నది తల కాదు బావా. ఇప్పుడు తిరుగుతోందా మరి?"

ఎవరో దగ్గారు. కూడిక నడిపించే కొర్నేలు "ప్రార్థన చేసుకుందాం" అంటూ కళ్ళు మూసుకున్నాడు.

"ఆగండయ్యగారూ" అంది షైని. గొంతు పెంచలేదు. "మా అక్కను ప్రభువు తీసుకుపోలేదు. ఆయన మీదికి నెట్టకండి."

గోడవారగా కూర్చున్న కొర్నేలు భార్య వరమ్మ కొంగు గుండెల మీదికి లాక్కుంది. ఆమె కూడా ఆ ఆసుపత్రి వంటగదిలోనే పనిచేస్తుంది.

"మామూలు గడ్డో, ఆ గడ్డో ఎలా తెలుత్తాదే అమ్మా?"

షైని ఆమె వైపు తిరిగింది. "చేత్తో నొక్కి చూస్తే తెలీదు ఆంటీ. ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. తొందరగా పెరుగుతుంటే అసలు ఆగకూడదు."

"మా ఆయన్ని ఓ మాటడిగి..."

"పరీక్షకు ఆయన సంతకం అక్కర్లేదు."

కొర్నేలు కళ్ళు తెరిచాడు. వరమ్మ అతని వైపు చూడలేదు.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు?" అంది.